పదిహేడో నంబరు చీటీ

ప్రభావతిని పనిదొంగ అని సుమిత్ర తిట్టినంతగా ఆ కంపెనీలో ఇంకెవ్వరూ తిట్టలేదు. ఎదురుగా తిట్టింది, చాటుగా తిట్టింది, ఇంటికి వెళ్ళి మొగుడి ముందు తిట్టింది. అన్నీ న్యాయమైన తిట్లే. ఇప్పుడు వాటిలో ఒక్కటి గుర్తొచ్చినా ఆమెకు ముద్ద గొంతు దిగదు.

బొల్లారంలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ హాల్లో ఇద్దరిదీ ఒకటే బల్ల. సుమిత్రది కిష్టారెడ్డిపేట. అక్కడ వాళ్ళకు రెండెకరాల వరిమడి ఉండేది. పేరుకు ఇప్పటికీ ఉంది. వాగు నీళ్ళు రంగు మారి, ఆ నీళ్ళు పారిన మడిలో నారు ఎర్రబడి చచ్చిపోవడం మొదలయ్యాక భర్త వెంకటేశం ఇంకొకరి ట్రాక్టరు తోలడానికి కుదిరాడు, సుమిత్ర నెత్తిన తెల్ల టోపీ పెట్టుకుని కంపెనీ బస్సెక్కింది. భూమి ఉన్న ఇంటి కోడలు బస్సెక్కుతోందని ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలన్నారు. రెండేళ్ళు తిరక్కుండా ఆ నలుగురి కోడళ్ళూ అదే బస్సులో సీటు కోసం తోసుకున్నారు.

ప్రభావతిది పటాన్‌చెరు. వ్యాపారస్తుల కుటుంబం. భర్త పాండురంగం పప్పుల దుకాణం దివాలా తీసి మూతపడింది. దుకాణం పోయినా పరువు పోకూడదు కదా, కోడలు కంపెనీ ఆఫీసులో రాత పని చేస్తోందని చుట్టాలందరికీ చెప్పుకున్నారు. ఆ అబద్ధానికి సాక్ష్యంగా ఆమె ఏప్రాను జేబులో ఎప్పుడూ ఒక పెన్ను ఉండేది. ఆ పెన్నుతో ఆమె తల గోక్కోవడం తప్ప అక్షరం రాయగా ఎవరూ చూడలేదు.

ఆమె పని తీరు చెప్పుకుంటే నవ్వొస్తుంది, పక్కన కూర్చుని చేసేవాళ్ళకు మాత్రం ఏడుపొస్తుంది. ఒక డబ్బాలో పది స్ట్రిప్పులు పెట్టి మూత మూసేలోగా ఆమె ఒక చుట్టాల పెళ్ళి మొదలుపెట్టి అప్పగింతల దాకా తీసుకొచ్చేది. మాట్లాడేటప్పుడు చేతులు ఆగిపోయేవి, ఆమె మాట్లాడనిది ఎప్పుడని. గంటకోసారి నీళ్ళకు లేచేది, తాగిన నీళ్ళకు ఇంకోసారి లేచేది. మధ్యాహ్నం తిన్నాక తలనొప్పి రావలసిందే. బట్టలు మార్చుకునే గదిలో అట్టల మీద కొంగు పరుచుకుని పడుకుంటే మూడు దాటినా లేచేది కాదు. ఎవరైనా లేపబోతే, "జెర కండ్లు మూసుకున్నగంతే, పండలే" అనేది, చెంప మీద అట్ట గీతలు పడి ఉండగా.

ఆ హాల్లో పని లెక్క ఇలా ఉండేది. పొద్దున్నే ఒక్కొక్కరికి నలభై చీటీలు ఇచ్చేవారు. ప్రతి చీటీ మీద ఆ మనిషి నంబరు ఉంటుంది. సుమిత్రది పదహారు, ప్రభావతిది పదిహేడు. పెద్ద అట్టపెట్టె నింపి, టేపు వేసే ముందు లోపల తన చీటీ ఒకటి పెట్టాలి. రేపు ఎక్కడైనా ఆ పెట్టెలో లోపం బయటపడితే చీటీ చూసి ఎవరు కట్టారో పట్టుకోవచ్చు. ఒకరి చీటీ ఇంకొకరు వేస్తే ఇద్దరినీ ఇంటికి పంపిస్తామని గోడ మీద ఎర్రక్షరాలతో రాసి పెట్టారు. ఆ గోడకు వీపు ఆనించుకునే అందరూ ఒకరి చీటీలు ఒకరు వేసేవారు.

ఎందుకంటే సాయంత్రానికి బల్ల మీద చీటీలు మిగలకూడదు. ఏ ఒక్కరివి మిగిలినా ఇద్దరూ ఆగి ముగించాలి. అయిదున్నరకు కంపెనీ బస్సు వెళ్ళిపోతుంది. బస్సు పోతే షేరాటోలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని పోవాలి. సుమిత్రకు ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు గడపలో కూర్చుని బస్సు కోసం చూస్తుంటారు. అందుకని మూడున్నర అయ్యేసరికి ఆమె తన చీటీలు ముగించుకుని, పళ్ళు కొరుక్కుంటూ ప్రభావతి చీటీలు తన ముందుకు లాక్కునేది.

సుమిత్ర చేయి గురించి ఒక మాట చెప్పాలి. ఆమె చీటీని అందరిలా రెండు మడతలు పెట్టేది కాదు. తమలపాకు చిలక చుట్టినట్టు మూడు మూలలూ కలిపి మడిచి, పెట్టెలో కుడి మూలన దోపేది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ గమనించలేదు కూడా. పదహారో నంబరు చీటీనైనా పదిహేడో నంబరు చీటీనైనా ఆమె చేయి అలాగే మడిచేది.

ఈ బాధ తప్పించుకోవడానికి ఆమె వేయని వేషం లేదు. మొదట మంచిగా చెప్పి చూసింది.

"ప్రభావతీ, నీ పని నువ్వు చేసుకుంటే నేను గూడ జెర సుఖపడ్త గద."

"చేస్త సుమిత్రక్కా, రేపటిసంది సూడు," అనేది ప్రభావతి. అన్న నిమిషానికి అది నిజమేనని ఆమె కూడా నమ్మేది.

తర్వాత మాట్లాడటం మానేసి చూసింది. ప్రభావతి రెండు రోజులు ఏమీ గమనించలేదు. మూడో రోజు, "గొంతు మంచిగ లేదా అక్కా," అని అడిగి ఇంటి నుంచి మిరియాలు పొట్లం కట్టి తెచ్చి ఇచ్చింది. ఒక రోజు పంతం పట్టి, ఆమె చీటీలు ముట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చుంది. బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరూ ఆరున్నర దాకా కూర్చుని కట్టి రోడ్డు మీదికి వచ్చారు. సుమిత్ర కోపంతో ఊగిపోతుంటే ప్రభావతి తోపుడు బండి మీద రెండు మక్కకంకులు కాల్పించి, ఒకటి ఆమె చేతిలో పెట్టి, "గిట్ల నడుసుకుంట పోతే ఎంత మంచిగున్నదక్కా, బస్సుల ఊపిరాడదు," అంది. అటువంటి మనిషితో ఏం పోట్లాడతారు. సుమిత్ర ఆ కంకిని రోడ్డు పక్కకు విసిరేసింది.

సూపర్‌వైజరుకు చెబుదామా అంటే ఆయన ఇంకో మహానుభావుడు. రాజేశ్వర్ సారు పర్మినెంటు మనిషి. కుర్చీ అరిగేదాకా కూర్చున్నా అడిగేవాడు లేడు. ఒక రకం మందు ప్యాకింగు ముగిసి ఇంకో రకం మొదలయ్యే ముందు ప్రతి బల్లా ఖాళీ చేయించాలి, పాత స్ట్రిప్పు ఒక్కటీ మిగలలేదని కళ్ళతో చూసి కాగితం మీద సంతకం చేయాలి. ఆయన ఆ సంతకాలన్నీ పొద్దున్న చాయ్ తాగుతూ ఒకేసారి చేసి పెట్టుకునేవాడు. తర్వాత పేపరు చదువుకోవడానికి అడ్డుండదని.

"నువ్వు మంచిగ జేస్తవమ్మా, ఆమె గట్లనే ఉంటది. సర్దుకపోవాలె," అన్నాడు సుమిత్ర వెళ్ళి చెబితే. ఆ సర్దుకుపోవడంలో ఆమె నాలుగేళ్ళు గడిచాయి.

తొంభై ఎనిమిదో సంవత్సరం వేసవిలో ఒక కబురు వచ్చింది. ప్యాకింగు హాలు నుంచి ఆరుగురిని పర్మినెంటు చేస్తారట. అప్పటిదాకా వాళ్ళంతా కాంట్రాక్టు మనుషులు. ఏడాదికి రెండుసార్లు బ్రేకు పేరుతో రెండేసి నెలలు ఇంటికి పంపేవారు. ఆ నెలల్లో సుమిత్ర ఇంట్లో పిల్లలకు పాలు బందయ్యేవి, వెంకటేశం బీడీలు మానేసేవాడు, పెద్దపిల్ల ఫీజు కోసం బడికి వెళ్ళి తలవంచుకుని నిలబడాల్సి వచ్చేది. పర్మినెంటయితే బ్రేకు ఉండదు. ఆ ఒక్క మాట కోసం ఆమె ఆ నాలుగేళ్ళూ జ్వరమొచ్చినా మానలేదు. ఆరుగురిలో తన పేరు ఉండి తీరాలి. అంతకుమించి ఆమె ఏ దేవుణ్ణీ ఏదీ అడగలేదు.

అనుకున్న పేర్లు బయటికి పొక్కాయి. పదహారో నంబరు ఉంది. దాని కిందనే పదిహేడో నంబరు కూడా ఉంది. నాలుగేళ్ళలో పదిహేడో నంబరు చీటీ ఉన్న పెట్టె ఒక్కటి కూడా తప్పుతో తిరిగి రాలేదట.

ఎందుకు వస్తుంది? సగానికి సగం సుమిత్ర కట్టినవే అయితే. ఆ పూట ఆమెకు అన్నం తినబుద్ధి కాలేదు. "నా రెక్కలిరుసుకోని చేస్తే దాని పేరొచ్చిందయ్యా," అని వెంకటేశం దగ్గర ఏడ్చింది. ప్రభావతేమో మరునాడు పెసరపప్పు లడ్డూలు చేసి తెచ్చి, "ఇద్దరం ఒక్కటే పారి పర్మినెంటయితం సుమిత్రక్కా, సచ్చేదాక ఒకటే బల్ల," అంది. ఆ మాట విని సుమిత్రకు లడ్డూ చేదయింది.

ఆ ఏడు వినాయక నిమజ్జనం రోజున రోడ్లు నిండిపోతాయని బస్సు గంట ముందే తీస్తామన్నారు. పని మాత్రం ఎవరూ గంట తగ్గించలేదు. పొద్దున అయిదు పవరు షుగరు మాత్రలు కట్టారు. మధ్యాహ్నం నుంచి పది పవరు. రెండు స్ట్రిప్పులూ చూడ్డానికి ఒకటే వెండి రంగు, వెనక అచ్చు వేసిన అంకె ఒక్కటే తేడా. తిండయ్యాక ప్రభావతి అలవాటు ప్రకారం తలనొప్పితో గదిలోకి వెళ్ళిపోయింది. సుమిత్ర ఒక్కతే ఇద్దరి బల్లనూ ఖాళీ చేసింది. పాత స్ట్రిప్పులు మిగిలిన ట్రే ఒకటి తర్వాత వాపసు ఇద్దామని తన స్టూలు కిందికి తోసింది. ఆ తర్వాత చేతులు పరుగెత్తాయి. నోరు ప్రభావతిని తిట్టుకుంటూనే ఉంది, కళ్ళు గడియారం మీద ఉన్నాయి. తనవి అయ్యాయి, ప్రభావతివి లాక్కుంది. నాలుగున్నరకు ఆఖరి పెట్టెకు టేపు వేసి పరుగెత్తి బస్సెక్కింది. స్టూలు కింద ట్రే ఖాళీగా ఉంది. అది తను వాపసు ఇవ్వడం వల్ల ఖాళీ అయిందో, ఇంకెలా ఖాళీ అయిందో, బస్సులో వినాయకుడి డప్పుల మధ్య ఆమెకు ఆలోచన రాలేదు.

దీపావళి వెళ్ళిన వారానికి మేనేజరు గారు పిలుస్తున్నారని సుమిత్రకు కబురొచ్చింది. పర్మినెంటు సంగతేనేమోనని ఆమె టోపీ సర్దుకుని, చేతులు తుడుచుకుని వెళ్ళింది. లోపల రాజేశ్వర్ సారు గోడకానుకుని నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. మేనేజరు బల్ల మీద ఒక అట్టపెట్టె ఉంది.

"పదిహేడో నంబరు ప్రభావతి నీ బల్ల మీదే కదా పనిచేసేది?" అన్నాడు మేనేజరు.

"అవు సార్."

"పని ఎట్లా చేస్తుంది? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నాలుగేళ్ళుగా ఎవరైనా తనను ఈ ప్రశ్న అడగకపోతారా అని ఎదురుచూసిన మనిషి సుమిత్ర. తొందరపడకు అని ఆమెకు ఎవరు చెబుతారు. కడుపులో ఉన్నదంతా బయటపెట్టింది.

"ఆమెకు పని మీద ధ్యాస ఉండదు సార్. చెయ్యి ఒక తాన, మనసు ఒక తాన. మస్తుసార్లు చెప్పిన. సారుకు గూడ చెప్పిన, అడుగుండ్రి."

రాజేశ్వర్ సారు తలెత్తకుండానే ఊపాడు.

"ఇదీ సంగతి," అని మేనేజరు పెట్టె తెరిచాడు. "నిజామాబాద్ నుంచి వచ్చింది. పది పవరు డబ్బాల్లో అయిదు పవరు స్ట్రిప్పులు. ఒక ముసలాయన పదిరోజులు అవే వేసుకుని షుగరు పెరిగి ఆసుపత్రిలో పడ్డాడు. బతికాడు, మన అదృష్టం. ఇదిగో చీటీ."

చీటీ మీద పదిహేడు అని ఉంది. తేదీ వినాయక నిమజ్జనం నాటిది. మూడు మూలలూ కలిపి చిలకలా మడిచిన ఆ కాగితం, విప్పినా మళ్ళీ ముడుచుకోవాలని చూస్తోంది.

సుమిత్ర ఆ మడత చూసింది. కుర్చీ వీపు పట్టుకుంది. స్టూలు కింద ట్రే, ఖాళీ ట్రే, కళ్ళముందుకు వచ్చి నిలబడింది. అది ఆమె కట్టిన పెట్టె. ప్రభావతి ఆ పెట్టెను కంటితో కూడా చూడలేదు, అట్టల మీద పడుకుని ఉంది.

"ఇంకేమన్నా చెప్పేదుందా?"

నోరు తెరిచింది. నేనే కట్టిన సార్ అనాలి, అంతే. మూడు మాటలు. కానీ ఒకరి చీటీ ఒకరు వేస్తే ఇద్దరూ ఇంటికే అని గోడ మీద ఉంది. చెప్పినా ప్రభావతి ఉద్యోగం నిలవదు, తనది కూడా పోతుంది. ఒకరు పోవలసిన చోట ఇద్దరు పోవడమెందుకు అని ఆమె బుద్ధి చటుక్కున లెక్క కట్టింది. లెక్కలో తప్పేమీ లేదు. పెద్దపిల్ల బడిలో తలవంచుకుని నిలబడ్డది కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"నీ రికార్డు క్లీన్‌గా ఉంది. లిస్టులో పేరుంది. జాగ్రత్తగా పనిచేసుకో," అన్నాడు మేనేజరు.

"ఏం లేదు సార్," అంది సుమిత్ర.

బయట వరండాలో రాజేశ్వర్ సారు వెనకనుంచి వచ్చి గొంతు తగ్గించాడు. "అయిందేందో అయింది. నీకు పిల్లలున్నరు, నాకు పిల్లలున్నరు. గుట్టుగ ఉందాం." ఆయనకు మడత సంగతి తెలియదు, తన సంతకాల సంగతి మాత్రం తెలుసు. ఎవరి దొంగతనం వాళ్ళు కడుపులో పెట్టుకుని ఇద్దరూ హాల్లోకి వచ్చారు. ఆయన మీద సుమిత్రకు అసహ్యం పుట్టింది. పుట్టిన మరుక్షణమే ఆయనకీ తనకీ ఏం తేడా అని తోచి ఆ అసహ్యం తన మీదికే తిరిగింది.

తర్వాత ప్రభావతిని పిలిచారు. ఆమె పెన్ను జేబులో సర్దుకుంటూ, "సంతకాలకేనేమో అక్కా," అని నవ్వుతూ వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఏప్రాను లేదు, టోపీ లేదు. మొహం తెల్లగా పాలిపోయింది. అరవలేదు, ఎవరినీ నిందించలేదు. ఏ రోజు ఏ మందు నడిచిందో, తను ఏ పెట్టె కట్టిందో ఏ పెట్టె కట్టలేదో ఆమెకు ఏనాడూ జ్ఞాపకం ఉండదు. నంబరు తనది, కాబట్టి చేసింది తనే.

"నేనే చేసుంటనక్కా," అంది. "నీ లెక్క కండ్లు పెట్టి చెయ్యనైతి. నువ్వు ఎన్నిసార్లు చెప్పినవు, నేను ఇనకపోతి."

ఇన్నాళ్ళూ సుమిత్ర ఆమె నోట వినాలనుకున్న మాటలు సరిగ్గా ఇవే. విన్నది. వింటూ, టేపు చుట్టను చేతిలో తిప్పుతూ నిలబడింది. ప్రభావతి తన సంచీలోంచి పూర్తిగా తినని డబ్బా తీసి, "పులిహోర, పిల్లలకియ్యి, నాకు ఎట్లన్న పోదు," అని బల్ల మీద పెట్టి గేటు దాకా ఒక్కతే నడిచి వెళ్ళింది. గేటు దగ్గర కాపలావాడు ఆమె సంచీ వెతికాడు, నాలుగేళ్ళుగా రోజూ వెతికినట్టే.

డిసెంబరులో లిస్టు బోర్డు మీద పెట్టారు. పదిహేడో నంబరు స్థానంలో ఇంకొక పేరు వచ్చింది. పదహారు అక్కడే ఉంది. వెంకటేశం ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు, అత్తగారు బొట్టు పెట్టి కొత్త చీర ఇచ్చింది. ప్రభావతి చోట కొత్తగా వచ్చిన దేవమ్మ తల ఎత్తకుండా పనిచేస్తుంది, నీళ్ళకు కూడా లేవదు. మూడున్నరకు ఇద్దరి చీటీలూ అయిపోతాయి. సుమిత్ర కోరుకున్నవన్నీ ఒక్కసారే తీరాయి. అయినా మధ్యాహ్నం తిండయ్యాక ఆమెకు బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళాలంటే భయం. అక్కడ అట్టలు ఇంకా అలాగే పరిచి ఉన్నాయి.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక ఆదివారం పొద్దున, ఇక ఉండబట్టలేక, కూరగాయలకని చెప్పి పటాన్‌చెరు ఆటో ఎక్కింది. దారంతా చెప్పవలసిన మాటలు కూడదీసుకుంది. ప్రభావతికి చెప్పేసి, ఆమె ఏమంటే అది. కంపెనీకి వెళ్ళి చెప్పమంటే సోమవారమే చెబుతుంది. పని పోతే పోనీ. అలా అనుకున్నాక ఎన్నో రోజుల తర్వాత గుండె కొంచెం తేలికయింది.

మూసిన దుకాణం వెనక అరలో ప్రభావతి నేల మీద కూర్చుని మసాలా పొట్లాలు కడుతోంది. తెలిసిన వ్యాపారి ఎవరో ఇంటికి పని ఇచ్చాడట. ఒక్కో పొట్లంలో కొన్ని లవంగాలు, రెండు యాలకులు, ఒక దాల్చినచెక్క ముక్క. ఆమె లవంగాలు ఎంచింది, కాగితంలో పోసింది, దారం చుట్టింది. చుట్టిన దారం విప్పింది. మళ్ళీ ఎంచింది. మళ్ళీ చుట్టి, కింద పెట్టబోయి, మళ్ళీ విప్పింది. పెళ్ళి కథలు చెప్పే నోరు మూసుకుపోయి పెదాలు అంకెలు మాత్రం గొణుగుతున్నాయి. గడపలో నిలబడిన సుమిత్రను ఆమె చాలాసేపటికి గాని చూడలేదు.

"ఒక్కొక్క పొట్లం నాలుగుసార్లు ఇప్పుతది చెల్లె," అన్నాడు పాండురంగం, పీట వేస్తూ. "పొద్దటిసంది పన్నెండు గూడ కాలే. వద్దని చెప్తే ఇనదు."

"నా చేతుల మీద నాకు నమ్మకం పోయిందక్కా," అంది ప్రభావతి. లేచి వచ్చి సుమిత్ర రెండు చేతులూ పట్టుకుంది. "పర్మినెంటయిందట గద. మన హాల్ల చేసే మొగులమ్మ చెప్పింది. మస్తు సంతోషమయింది నాకు. నీ కష్టం ఊకెనే పోలే."

సుమిత్ర పీట మీద కూర్చుంది.

"అక్కా, ఆ నిజామాబాద్ తాత మంచిగున్నడా? నీకేమన్న ఎరుకనా?" అని అడిగింది ప్రభావతి. "ఆయన పేరు తెల్వదు నాకు. శనివారం శనివారం దీపం పెట్టి నిజామాబాద్ తాత సల్లగుండాలె అని మొక్కుతున్న. ఒక్క మనిషి పానం మీదికి తెచ్చిన. నిద్రల గూడ యాదికొస్తది."

"మంచిగనే ఉన్నడంట," అంది సుమిత్ర. అది నిజమో కాదో ఆమెకు తెలియదు.

ప్రభావతి కళ్ళు తుడుచుకుంది. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, పక్కన చతికిలబడి, చాలాకాలం తర్వాత కొంచెం నవ్వు లాంటిది మొహంలోకి తెచ్చుకుని అంది.

"నువ్వు నా చీటీలు ఎన్ని ఏసుంటవక్కా, నాలుగేండ్లు. ఒక్కనాడు తప్పు రాలే. ఆ ఒక్కరోజు గూడ నా పెట్టెలు నువ్వే కట్టుంటే నాకు గిట్ల కాకపోవు."

ఇంకా ఆగితే ఎన్నటికీ చెప్పలేనని సుమిత్రకు తెలిసిపోయింది. గ్లాసు కింద పెట్టింది.

"నేనే కట్టిన ప్రభావతీ. ఆ పెట్టె నేనే కట్టిన. నువ్వు పండుకున్నవు ఆ పొద్దు. పాత ట్రే నా స్టూలు కిందున్నది, జల్దీల అదే తీసి కట్టిన. నీ చీటీ ఏసిన. మేనేజరు తాన చూసిన, నాదే అని ఎరుకైంది, చెప్పలే. నా నౌకరి పోతదని చెప్పలే."

ప్రభావతి ఆమె మొహంలోకి చూసింది. చూసి చూసి, ఆమె కళ్ళు నిండాయి. సుమిత్ర భుజం మీద తల వాల్చి చిన్నపిల్లలా ఏడ్చింది.

"నాకెరుకక్కా," అంది ఏడుస్తూనే. "నువ్వు గిట్లంటవని నాకెరుక. ఎప్పుడు నా పని నువ్వే మీదేసుకుంటివి. ఇగ ఇది గూడ నువ్వే మోస్తవా?"

"కాదే, నిజం. నిజంగ నేనే."

"ఊకో. నీ చేతుల తప్పు పోతదా. నా కోసం అబద్ధమాడకు," అని ప్రభావతి ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది. భర్త వైపు తిరిగి, "చూసినవా, నేను చెప్తే నమ్మకపోతివి. గిసువంటి మనిషి నా పక్కన కూసున్నది," అంది. పాండురంగం గడప దగ్గర నిలబడి సుమిత్రకు రెండు చేతులూ జోడించాడు.

మరొక్కసారి గట్టిగా చెప్పి ఉండవలసింది. చీటీ మడత సంగతి చెప్పినా చాలు, ఒక కాగితం ముక్క మడిచి చూపించినా చాలు. నేల నిండా పొట్లాల కాగితాలే ఉన్నాయి. సుమిత్ర చెయ్యి ఒడిలోంచి లేవలేదు. నమ్మలేదు కదా, నేను చెప్పాను కదా అని ఆమెకు లోలోపల ఒక్క క్షణం ఊరట కలిగింది. చేసిన తప్పుకైనా, చెప్పకపోయిన తప్పుకైనా ఆమె తనకు ఏదో ఒక సాకు చెప్పుకోగలిగేది. ఆ ఒక్క క్షణపు ఊరటకు మాత్రం ఎన్నేళ్ళు గడిచినా సాకు దొరకలేదు.

ప్రభావతి ఒక పొట్లం కట్టి, ఈసారి విప్పకుండానే పిల్లలకు పులావు చేసిపెట్టమని ఆమె చేతిలో పెట్టింది. సుమిత్ర అది తీసుకుని, కూరగాయలు కొని, మధ్యాహ్నానికల్లా కిష్టారెడ్డిపేట చేరింది. సోమవారం పొద్దున బస్సు వేళకు వచ్చింది. ఆమె ఎక్కింది.